స్నేహితులంతా కలిసి గుర్రాల మీద ఒక పూట స్వారీ, ఆటలు: ఏమేం చూసుకోవాలి?

ప్రశ్న ఇది: "మేం ఎనిమిది మంది స్నేహితులం. ఇద్దరికే గుర్రపు స్వారీ వచ్చు. మిగతా ఆరుగురూ సైసు (గుర్రాలను చూసుకునే మనిషి) పగ్గం పట్టుకుని నడిపిస్తే ఎక్కి దిగినవాళ్ళే. ఈ చలికాలంలో హైదరాబాద్ శివార్లలో అందరం కలిసి గుర్రాల మీద తిరిగి, అక్కడే ఆటలు ఆడుకోవాలని ఉంది. ఎలా ఏర్పాటు చేసుకోవాలి?"

గుర్రం మందలో బతికే జంతువు. గుంపులో ఉన్నప్పుడు మీ గుర్రం మీ మాటకంటే ముందు గుర్రాన్నే ఎక్కువ నమ్ముతుంది. ముందుది ఉరికితే ఇదీ ఉరుకుతుంది. ముందుది బెదిరితే కారణమేంటో తెలియకపోయినా ఇదీ బెదురుతుంది. వెనకబడ్డానని తోస్తే మీరు ఎంత లాగినా ఆగకుండా మందను అందుకోవాలని చూస్తుంది. కాబట్టి గుంపు స్వారీకి ఏర్పాట్లు అంటే ముఖ్యంగా రెండే: గుర్రాల మధ్య దూరం చెదరకుండా చూసుకోవడం, అందరిలోకీ కొత్తవాడు తట్టుకోగల వేగాన్నే గుంపు వేగంగా పెట్టుకోవడం. మిగతావన్నీ వీటి చుట్టూ తిరిగేవే.

ఆ ఆరుగురినీ నేరుగా బయటికి తీసుకెళ్ళకండి. రింగులో, అంటే కంచె వేసిన ఆవరణలో, వేర్వేరు రోజుల్లో కనీసం నాలుగైదు గంటలు నేర్చుకోవాలి. నడక, ఆపడం, రెండు వైపులా తిప్పడం, పగ్గాలకు వేలాడకుండా పది నిమిషాలు దుల్కీలో, అంటే నడకకీ దౌడుకీ మధ్య వేగంలో, అడుగుల లయకు తగ్గట్టు లేచి కూర్చోవడం వస్తే చాలు. ఆ తర్వాత ఒక పరీక్ష పెట్టండి. గుర్రాలన్నీ ఒక మూల నిలబడి ఉండగా, ఒక్కొక్కరూ తన గుర్రాన్ని ఒంటరిగా అవతలి మూలకి నడిపించుకెళ్ళి, పది లెక్కపెట్టేంత సేపు ఆపి, నడకలోనే వెనక్కి తీసుకురావాలి. వినడానికి తేలికే. మందను వదిలి కదలనని గుర్రం మొరాయిస్తుంది, తిరుగు దారిలో పరుగందుకుంటుంది. ఇది చేయలేనివాళ్ళు బయటికి వస్తే వాళ్ళ పక్కన సైసు కాలినడకన ఉండాల్సిందే. ఈ ఒక్క పరీక్ష మీకు ముప్పాతిక సమాచారం ఇస్తుంది.

ఇక బరువు సంగతి. మొహమాటపడి ఈ మాట ఎవరూ ఎత్తరు, బాధ మాత్రం గుర్రం నడుముకి. మనిషి, జీను కలిపి గుర్రం బరువులో 20 శాతం దాటకూడదనేది స్వారీ వాళ్ళు పాటించే లెక్క. 320 కిలోల నాటు గుర్రం మోయగలిగేది 64 కిలోలు. అందులో జీను 8 కిలోలు పోతే మనిషికి మిగిలేది 56. 85 కిలోల మిత్రుడికి 465 కిలోల గుర్రం కావాలి. అంటే దాదాపుగా పందేల నుంచి వచ్చిన థరోబ్రెడ్ అన్నమాట. అవి చురుకైనవి, కొత్తవాళ్ళకు లొంగవు. అలాంటి మిత్రుడికి సరైన గుర్రం దొరక్కపోతే నీళ్ళు, మందుల పెట్టె ఉన్న జీపు అతనికి అప్పగించండి. గుంపుకి జీపు ఎలాగూ కావాలి, అది చిన్న పనేం కాదు.

గుర్రాలను ముందురోజే చూసి రండి. గట్టి నేల మీద సైసుని ఒక్కో గుర్రాన్నీ దుల్కీలో నడిపించమనండి. డెక్కల చప్పుడు "టక్ టక్ టక్ టక్" అని సమానంగా వినపడాలి. ఒక దెబ్బ తేలికగా పడుతోందంటే ఆ కాలు నొప్పిగా ఉంది. ముందు కాలు నొప్పిగా ఉంటే, ఆ కాలు నేలకు తాకినప్పుడల్లా తల పైకి ఎగురుతుంది. వెన్ను మీద అరచేతితో గట్టిగా నిమిరినప్పుడు నడుము కిందికి దించితే జీను పుండో, వాపో ఉందని అర్థం. పొట్ట కింద, మోచేతి వెనక తంగు (జీను బిగించే పట్టీ) ఒరిసిన గాయాలు ఉన్నాయేమో కూడా చూడండి. ముక్కు నుంచి చిక్కటి స్రావం, చర్మం మీద గడ్డలు ఉన్న గుర్రం దగ్గరికి అసలు వెళ్ళొద్దు. గ్లాండర్స్ అనే జబ్బు మనుషులకూ అంటుతుంది, ప్రాణాంతకం కూడా. రక్తపరీక్ష రిపోర్టు చూపించమని అడగడానికి సందేహించకండి.

ఇంకో జాగ్రత్త. మన దగ్గర తక్కువ అద్దెకు దొరికే గుర్రాల్లో చాలావరకు పెళ్ళి బరాత్‌లో ఆడేవి. వాటికి కళ్ళెం బిగబడితే అక్కడికక్కడే గంతులు వేయడం నేర్పి ఉంటారు. భయపడ్డ కొత్తవాడు పగ్గాలు లాగుతాడు, గుర్రం ఆడమన్నారనుకుని ముందు కాళ్ళు లేపుతుంది. అవి చెడ్డ గుర్రాలేం కావు, నేర్చుకున్న పని చేస్తున్నాయంతే. కానీ ఈ పనికి వద్దు. విత్తు కొట్టని మగ గుర్రాన్నీ ఆడ గుర్రాలతో కలిపి తీసుకెళ్ళొద్దు.

ఎక్కే ముందు తంగు సంగతి చూడాలి. జీనుని పొట్ట కింద నుంచి బిగించే ఈ పట్టీని బిగిస్తుంటే చాలా గుర్రాలు రొమ్ము పొంగించి ఊపిరి బిగబడతాయి. ఒకేసారి గుంజి కట్టకండి. ఒక రంధ్రం బిగించి, గుర్రాన్ని పదడుగులు నడిపించి, మళ్ళీ ఒకటి బిగించండి. పట్టీకీ చర్మానికీ మధ్య రెండు వేళ్ళు బిగువుగా దూరాలి. ఇప్పుడు ముందు కాళ్ళను ఒక్కోటీ మోకాలి దగ్గర పట్టుకుని ముందుకు చాపండి. పట్టీ కింద ముడతపడ్డ చర్మం సాపు అవుతుంది. ఇది చేయకపోతే ఆ ముడత రెండు గంటల్లో పుండవుతుంది. జీను కింద వేసే గుడ్డను మూపు దగ్గర పైకి లాగి, జీను గాడిలోకి నెట్టండి. ఎక్కాక ఒకసారి, బయల్దేరిన పది నిమిషాలకు అందరూ ఆగి ఇంకోసారి తంగు చూసుకోవాలి. ఈ రెండోసారిది మరిచిపోతారు. కిందికి దిగే వాలులో జీను పక్కకి జారేది అప్పుడే.

రికాబు (జీనుకి వేలాడే, పాదం పెట్టుకునే ఇనుప వలయం) పొడుగు ఎక్కక ముందే కొలుచుకోవచ్చు. వేలి కొసలు తోలు పట్టీ జీనుకు తగిలించిన చోట పెట్టి, రికాబుని చేతి వెంబడి లాగితే చంకకి తాకాలి. బూటుకి అంగుళం మడమ ఉండాలి. మడమ లేని స్పోర్ట్స్ షూ రికాబులోంచి జారి ముందుకు దూరిపోతే, పడ్డప్పుడు కాలు ఇరుక్కుని గుర్రం మనిషిని ఈడ్చుకుపోతుంది. హెల్మెట్ గుర్రపు స్వారీకి చేసినదే కావాలి. క్రికెట్ హెల్మెట్, సైకిల్ హెల్మెట్ పనికిరావు, అవి వేరే రకం దెబ్బల కోసం చేసినవి. ఒకసారి గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్‌ను పైకి బాగానే ఉన్నా మార్చేయాలి. తొడల లోపలి వైపు దళసరి కుట్టు ఉన్న జీన్స్ వద్దు. ఫోను మీ ఒంటి మీదే ఉండాలి. జీను సంచిలో పెడితే మీరు పడ్డాక గుర్రంతో పాటు అదీ వెళ్ళిపోతుంది.

ఇక వరస. దారి తెలిసిన అనుభవజ్ఞుడు, బెదరని గుర్రంతో ముందు. స్వారీ వచ్చిన రెండోవాడు చివర. కొత్తవాళ్ళు మధ్యలో. మీ ఇద్దరితో ఎనిమిది మందిని లాగడం కష్టం, క్లబ్బు నుంచి ఇంకో ఇద్దరు శిక్షకులను తీసుకుని నలుగురేసి రెండు జట్లుగా వెళ్ళండి. తన్నే అలవాటున్న గుర్రం తోకకి ఎర్ర రిబ్బను కట్టి జట్టులో అన్నిటికంటే వెనక పెడతారు. ఎర్ర రిబ్బను కనపడితే దగ్గరికి పోకూడదని అందరికీ ముందే చెప్పండి.

రెండు గుర్రాల మధ్య ఒక గుర్రం పొడుగు, అంటే దాదాపు 2.4 మీటర్లు ఖాళీ ఉండాలి. జీను మీద కూర్చుని దీన్ని కొలవడానికి ఒక గుర్తుంది. మీ గుర్రం రెండు చెవుల మధ్య నుంచి చూస్తే ముందు గుర్రం వెనక డెక్కలు నేల మీద కనపడాలి. తోక మాత్రమే కనిపిస్తుంటే మరీ దగ్గరగా ఉన్నారు, తన్ను తగిలేది మీ గుర్రం ముట్టెకో, మీ మోకాలికో. తన్నబోయే గుర్రం ముందుగా చెవులు వెనక్కి మెడకేసి అదిమి, తోక కొట్టుకుని, వీపు ముడుచుకుంటుంది.

దూరం తగ్గితే తన్ను, పెరిగితే పరుగు. ఈ రెండోది ఎలా జరుగుతుందో లెక్క వేసి చూడండి. ఎనిమిది గుర్రాలూ ఒకే వరసగా వెళ్తే ఆ వరస దాదాపు 36 మీటర్లు. నడకలో గంటకు 6 కిలోమీటర్లు. ముందువాడు ఒక చిన్న కాలువ దాటిన 20 సెకన్లకు గానీ చివరివాడు అక్కడికి చేరడు. ముందువాడు దాటగానే ఉత్సాహంగా దుల్కీ అందుకుంటే, ఆ 20 సెకన్లలో 70 మీటర్లు వెళ్ళిపోతాడు. కాలువ ఇవతల చివరి గుర్రానికి మంద దూరమైపోతూ కనిపిస్తుంది. అది కాలువని గెంతి దౌడు తీస్తుంది, పైనున్న మనిషి వెనక్కి పడతాడు. అందుకే ముందువాడు గుంత, కాలువ, వాలు ఏది దాటినా, చివరి గుర్రం కూడా దాటి స్థిమితపడేదాకా నిలబడాలి. "దాటాం" అని చివరి నుంచి కేక రావాలి. ఎవరైనా దిగి ఎక్కుతున్నా అంతే, రెండు కాళ్ళూ రికాబుల్లో పడేదాకా ఎవరూ కదలకూడదు. నీళ్ళు తాగే చోట తాగేసిన గుర్రాన్ని పక్కకి నడిపించకూడదు, తాగుతున్నది తల ఎత్తి దాని వెంట వచ్చేస్తుంది. "గుంత", "కొమ్మ", "తీగ", "ఆగుతున్నాం" అనే మాటలను ముందు నుంచి వెనక్కి ఒకరి తర్వాత ఒకరు అందించాలి. తారు రోడ్డు మాత్రం ఒకరి వెనక ఒకరుగా దాటకండి. అందరూ రోడ్డుకి అభిముఖంగా పక్కపక్కనే నిలబడి, ఒక్కసారే దాటాలి. సగం మంద అటు, సగం ఇటు ఉన్నప్పుడు లారీ వస్తే ఇటున్న గుర్రాలు లారీని చూడవు, అటున్న మందను చూస్తాయి.

మొదటిసారికి రెండు గంటలు, 8 నుంచి 10 కిలోమీటర్లు చాలు. ఎక్కువ భాగం నడకే. డిసెంబరులో తెల్లవారాక ఏడింటికి బయల్దేరి, పదింటికల్లా ముగించండి. ఎక్కే ముందు ఇడ్లీ లాంటి తేలికపాటి టిఫినే తినండి. గుర్రానికి కూడా బయల్దేరడానికి రెండు గంటల ముందే ఉలవలో, దాణాయో పెట్టడం అయిపోవాలి.

మన నేల గురించి ఒక్కమాట చెప్పక తప్పదు. పరుపు బండల మీద ఇనుప లాడాలు జారతాయి. అక్కడ దుల్కీ వద్దు, పగ్గాలు కాస్త వదులుగా ఇచ్చి గుర్రాన్నే చూసుకుని నడవనివ్వండి. వాన పడ్డ నల్లరేగడిలో కాలు దిగబడి లాడం ఊడుతుంది, కీళ్ళు బెణుకుతాయి. అదే రేగడి ఎండాకాలం నెర్రెలు విచ్చి, కాలు ఇరుక్కునేలా ఉంటుంది. ఎర్ర నేల, ఇసుక కలిసిన బండి బాటలే మేలు. పొలం గట్లు మీ బరువుకి తెగుతాయి, రైతుతో గొడవ మీదాకా తెచ్చుకోవద్దు. ఒరలేని పాత బావులు, మూతలేని బోరు గుంతలు గడ్డిలో కనపడవు, కాబట్టి ముందురోజు ఆ దారి మొత్తం ఎవరో ఒకరు కాలినడకన చూసి రావాలి. సర్కారు తుమ్మ ముల్లు గిట్ట అడుగున మెత్తటి భాగంలో దిగితే గుర్రం ఒక్కసారిగా కుంటుతుంది. గిట్టలు గోకే కొక్కెం మీ దగ్గర ఉండాలి. పైపైన గుచ్చుకున్న ముల్లు తీసి, బెటాడిన్ పోసి, ఆ గుర్రాన్ని ఎక్కకుండా నడిపించుకుని రండి. లోతుగా దిగితే పీకకుండా డాక్టర్ని పిలవండి. గుర్రాలకు ధనుర్వాతం చాలా సులభంగా వస్తుంది, టీకా ఎప్పుడు వేశారో అడగాలి. పశువుల అంబులెన్సు నంబరు 1962, మనుషులకు 108. రెండూ అందరి ఫోన్లలో ఉండనివ్వండి.

గుట్ట రాళ్ళకు కొండ తేనెపట్లు వేలాడుతుంటాయి. వాటి కింద ఆగొద్దు, పొగ పెట్టొద్దు, అరవొద్దు. సంక్రాంతి చుట్టుపక్కల రోజుల్లో అసలు ఈ కార్యక్రమమే వద్దంటాను. తెగిన మాంజా గుర్రం కాళ్ళకు చుట్టుకుంటుంది, మీ మెడ ఎత్తులో చెట్ల మధ్య సాగి ఉంటుంది. నైలాన్ మాంజాను 2017లోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ నిషేధించింది గానీ దారం ఇంకా దొరుకుతూనే ఉంది. ఊరకుక్కలు వెంటపడితే పరిగెత్తించకండి, పరుగు వాటికి ఆహ్వానం. గుర్రాన్ని కుక్క వైపు తిప్పి నిలబెట్టండి. తనకంటే పెద్ద జంతువు తన వైపు తిరిగితే కుక్క చాలాసార్లు తగ్గుతుంది.

గుర్రం నీళ్ళలో దిగి ముందు కాలితో నీళ్ళు చిందిస్తోందంటే ఆడుకుంటోందని మురిసిపోకండి. తర్వాతి క్షణం పొర్లడానికి పడుకుంటుంది. వెంటనే తల పైకెత్తించి, మడమలతో అదిలించి ముందుకు నడిపించాలి.

ఎవరైనా పడితే అందరూ ఆగాలి. వదులైన గుర్రం వెనక పరిగెత్తితే అది ఇంకా దూరం పోతుంది. మిగతా గుర్రాలు కదలకుండా నిలబడితే చాలావరకు అదే మంద దగ్గరికి వస్తుంది. పడ్డవాడి హెల్మెట్ తీయొద్దు, మెడ కదపొద్దు. మాట తడబడినా, ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ అడిగినా, వాంతి అయినా ఆస్పత్రికే. కాసేపటికి బాగానే ఉన్నానన్నా ఆ రోజుకి మళ్ళీ ఎక్కనివ్వకండి.

ఇప్పుడు ఆటలు. గుర్రాల మీద ఆడే ఆటలు స్వారీకి ముందు, రింగులో, అరగంట మాత్రం ఆడండి. తిరిగొచ్చాక గుర్రం అలసి ఉంటుంది, దాని మనసంతా సాల (గుర్రాల కొట్టం) మీద ఉంటుంది, అప్పుడు ఆటలు పెడితే నోరు నొప్పిపుట్టి మొండికేస్తుంది. కొత్తవాళ్ళకు అన్నిటికంటే మంచి ఆట "ఆగు, నడు". ఒకరు కేక వేస్తారు, అందరూ నడక నుంచి ఆపాలి, ఆఖరున ఆగినవాడు ఐదడుగులు వెనక్కి. పగ్గాలు గుంజి గుర్రం నోరు తెరిపించినవాడు పదడుగులు వెనక్కి. ఈ రెండో నియమం వల్లే ఇది పనికొచ్చే ఆట అవుతుంది. పది నిమిషాల్లో అందరూ నడుము బరువుతో ఆపడం మొదలుపెడతారు.

రెండోది పది రూపాయల నోటు ఆట. తొడకీ జీనుకీ మధ్య నోటు పెట్టుకుని నడక, ఆపడం, తిప్పడం, ఆపై దుల్కీ. ఎవరి నోటు ఆఖరిదాకా ఉంటే వాళ్ళకే అన్ని నోట్లూ. నోటు మోకాలి కింద పెట్టనివ్వొద్దు. మోకాలితో బిగిస్తే కింది కాలు ఊగి, మనిషి జీను మీద నుంచి ముందుకు తూలతాడు. మూడోది స్తంభాల మధ్య వంకరటింకరగా వెళ్ళిరావడం. ఐదు ప్లాస్టిక్ పైపులు, ఒకదానికొకటి 8 మీటర్ల దూరంలో, పాత టైర్లలో నిలబెట్టండి. ఇనుప కడ్డీలు, వెదురు వద్దు, పడితే గుచ్చుకుంటాయి. ఒకసారికి రెండే గుర్రాలు, మధ్యలో పది మీటర్ల ఖాళీ. నడక దాటి దుల్కీ అందుకుంటే మొదటికి రావాలి. జెండా ఆట పెడితే జెండాని ముందుగా ప్రతి గుర్రానికీ వాసన చూపించి, మెడకు రాసి, మెల్లగా ఆడించి చూపండి.

వీడియోలు చూసి నేజాబాజీ ఆడదామని అడుగుతారు, అదే టెంట్ పెగ్గింగ్. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో అది పోటీగా ఉంది, రూపీందర్ సింగ్ బ్రార్ స్వర్ణం గెలిచారు. 6 సెంటీమీటర్ల వెడల్పున్న మేకుని దౌడు మీద బల్లెంతో పెకలించడం అది. బల్లెం మొన నేలలో దిగితే రెండో కొస మనిషిని జీను మీద నుంచి ఎత్తేస్తుంది. నెలల తరబడి గురువు దగ్గర నేర్చుకోవాల్సిన విద్య అది, ఒక పూటలో ఆడేది కాదు.

కాలినడక ఆటలు మధ్యలో ఆగే చోట పెట్టుకోండి. కట్టేసిన గుర్రాలకు కనీసం 50 మీటర్ల దూరంలో. గాల్లో ఎగిరేవి వద్దు: గిల్లీదండా బిళ్ళ, క్రికెట్ బంతి, ఫ్రిస్బీ ఏదైనా గుర్రం కంటికి మీదపడే జంతువే. కబడ్డీ, ఖోఖో బాగుంటాయి, కానీ దిగిన వెంటనే వద్దు. తొడల లోపలి కండరాలు బిగుసుకుని ఉంటాయి, ఒక్క ఉరుకుతో పట్టేస్తాయి. పావుగంట నడిచి, నీళ్ళు తాగి, మొదట ఏడు పెంకులాట లాంటిది మెత్తటి గుడ్డ బంతితో ఆడి, తర్వాత ఖోఖో మొదలుపెట్టండి. గుర్రాలను ఎప్పుడూ పగ్గాలతో కట్టొద్దు, బెదిరి తల లాగితే కళ్ళెం నోరు చీలుస్తుంది. హెడ్‌కాలర్‌కి, అంటే కళ్ళెం లేని తల పట్టీకి, తాడు వేసి, మూపు ఎత్తులో, చేయి పొడుగు తాడు వదిలి, కొస లాగితే ఊడే ముడితో, బతికున్న గట్టి చెట్టుకి కట్టాలి. ఒక సైసు అక్కడే ఉండాలి.

ఆగినప్పుడు దవడ ఎముక కింద వేలు పెట్టి గుర్రం నాడి చూడండి. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. తీరికగా ఉన్న గుర్రానికి 28 నుంచి 44. పని ఆపిన 20 నిమిషాలకు కూడా 64 కంటే దిగకపోతే ఆ గుర్రం ఆ రోజుకి చాలించాలి, మీరు జీపెక్కాలి. వేడిగా ఉన్న గుర్రానికి నీళ్ళు పట్టకూడదని పాత నమ్మకం ఒకటుంది. అది తప్పు, తాగనివ్వండి. మెడ మీద, కాళ్ళ మీద నీళ్ళు పోయండి. దాణా మాత్రం గంట ఆగి.

తిరుగు ప్రయాణంలో సాల కనపడగానే గుర్రాలు వేగం పెంచుతాయి. చివరి కిలోమీటరు కచ్చితంగా నడకే. వీలైతే అక్కడే అందరూ దిగి, తంగు ఒక రంధ్రం వదులు చేసి, నడిపించుకుంటూ రండి. ఇంటి వైపు ఒక్కసారి దౌడు తీయించారంటే, మరుసటి వారం ఆ గుర్రం ఎక్కే కొత్తవాడికి ఆ మలుపు దగ్గర అది మళ్ళీ ఉరుకుతుంది. జీను దించాక వీపు మీద చెమట మచ్చ చూడండి. చుట్టూ తడిగా ఉండి మధ్యలో ఒక చోట పొడిగా ఉంటే, అక్కడ జీను ఒత్తుతోంది. సైసుకి చెప్పి, వేలు పెట్టి ఆ చోటు చూపించి మరీ రండి.